పూజ పెయింట్ కింది అతుకు

నేను ఇరవై ఏడేళ్లకే రిటైరయ్యాను. ఇంట్లో ఈ మాట అనకూడదు. యాభై ఎనిమిదేళ్ల మా నాన్న ఇంకా పొద్దున్నే వెల్డింగ్ హెల్మెట్ సంచిలో వేసుకుని కాంట్రాక్టు పనికి వెళుతున్నాడు. కానీ పాత బండ్లు తనిఖీ చేసే ఉద్యోగంలో నాలుగేళ్లంటే మోకాళ్లు, మెడ, ఓపిక మూడూ పెన్షన్ అడుగుతాయి. ఆ ఉద్యోగంలో కొత్తగా చేరిన మీరేమో "దీదీ, సెకండ్ హ్యాండ్ పికప్‌లో ముందు ఏం చూడాలి" అని రోజుకొకరు మెసేజ్ పెడుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా టైప్ చేసే ఓర్పు నాకు లేదు. నేను పాస్ చేసిన ఒక బండి సంగతి చెబుతాను, అందరూ చదువుకోండి. అంత పరుగు, అంత భయం, అంత సంతోషం నాకు మళ్లీ ఏ వారంలోనూ దొరకలేదు.

పని మీకు తెలిసిందే. పాత బండి కొనాలనుకున్నవాళ్లు కంపెనీకి చెబుతారు. నేను స్కూటీ వేసుకుని వెళ్లి, బండి చుట్టూ తిరిగి, కిందికి దూరి, ఫోన్‌లో యాప్ అడిగిన ప్రతి ప్రశ్నకీ ఒక ఫోటో తీసి, అవుననో కాదనో నొక్కుతాను. అన్నీ పచ్చగా వస్తే బండి పాస్. ఎక్కడైనా ఎర్రగా వెలిగిందా, బేరం అక్కడితో ఆగిపోతుంది.

కారు అమ్మేవాడు కిలోమీటర్లు దాస్తాడు. పికప్ అమ్మేవాడు బరువు దాస్తాడు. జంషెడ్‌పూర్‌లో ఇంకా ఎక్కువ. ఇక్కడ పికప్‌లోకి టమాటా బుట్టలకంటే ఊరి పక్క గమ్హరియా పారిశ్రామికవాడలోని షెడ్ల ఇనుమే ఎక్కువగా ఎక్కుతుంది. టన్నున్నర మోయాల్సిన బండి రెండున్నర మోసి, సాయంత్రం కడిగేసుకుని ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలు లెక్కపెట్టండి. రెండు ఎక్కువ వేయించి ఉంటే వాడి లోడు సంగతి అవే చెబుతాయి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. అప్పటికే వెచ్చగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ మొండికేస్తుందనీ, మీకోసం ముందే బతిమాలి ఉంచారనీ అనుమానించండి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పండి. పొగ గుప్పుమని తన్నితే లోపల రింగులు అరిగిపోయాయి. క్లచ్, గేరుబాక్సు, డీజిల్ పంపు, ఇవన్నీ జేబు చిల్లుపడే ఖర్చులే గానీ ప్రాణం తీసేవి కావు. ఛాసిస్ వేరు. బండి మొత్తాన్నీ మోసే ఆ రెండు పొడవాటి ఉక్కు దూలాల్లో, క్యాబిన్ వెనక, లోడు మొదలయ్యే చోట చీలిక వచ్చిందంటే మిగతావన్నీ పచ్చగా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అందుకే యాప్‌లో ఒక ప్రశ్న ఉండేది: ఛాసిస్ మీదున్నది కొత్త పెయింటా? అయితే గీకి చూడాలి. ఏదో దాచాలనుకుంటే తప్ప బండి కింద ఎవరు రంగేస్తారు అని ఆ ప్రశ్న రాసినవాడి లెక్క. మంచి లెక్కే. కానీ వాడు మా ఊరివాడు కాదు.

మా ఊళ్లో సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వస్తుంది. రెంచి దగ్గర్నుంచి క్రేన్ దాకా చేతికి అన్నం పెట్టే ప్రతి వస్తువునీ కడిగి, తుడిచి, బొట్టు పెడతారు. బండ్లయితే కింద నల్ల రంగు కొట్టించి, దండ వేసి, పెళ్లికొడుకుల్లా నిలబెడతారు. ఆ తర్వాత నెల్లాళ్లు ఈ ఊళ్లో కొత్త పెయింట్ లేని ఛాసిస్ కనబడదు. మొదటి ఏడాది నేను నిజాయితీగా అన్నిటికీ 'అవును' నొక్కాను. ఊరి బండ్లన్నీ ఎర్రగా వెలిగాయి, హెడ్డాఫీసు ఫోన్ చేసి నాకు ఆరోగ్యం బాగుందా అని అడిగింది. రెండో ఏడాది ఒక బండిని గీకాను. పూజ చేసిన బండిని గీకుతావా అని దాని యజమాని మీదికొచ్చాడు. నేను వెనక్కి తగ్గే రకం కాదు, స్క్రూడ్రైవర్ దించకుండానే మాట్లాడాను. తీరా కింద ఏమీ దొరకలేదు. ఫిర్యాదు వెళ్లింది, నాకు వార్నింగ్ వచ్చింది. అప్పట్నుంచీ మా ఊరి ఇన్‌స్పెక్టర్లం నలుగురం ఒక అలవాటు చేసుకున్నాం. పూజ తర్వాత నెల్లాళ్లు ఆ ప్రశ్నకి చూడకుండా 'కాదు' నొక్కేయడం. పూజ పెయింట్ అసలు పెయింటే కాదని మాలో మేమే తీర్మానించుకున్నాం.

మూడో ఏడాది, పూజ అయిన వారానికి ఆ పికప్ నా చేతికొచ్చింది.

కొనే ఆయనది టాటానగర్ స్టేషన్ దగ్గరి రైల్వే తెలుగు కుటుంబం. ఆయన మాత్రం రైల్వేలోకి వెళ్లక, ఇరవై ఏళ్లు ఒక కాంట్రాక్టరు కింద పనిచేశాడు. ఆ కాంట్రాక్టు పోయాక భార్యాభర్తలిద్దరూ ఉన్నదంతా ఊడ్చి సొంత బండి కొనుక్కుందామనుకున్నారు. తెలుగువాళ్లనగానే నేను బాబాయ్ అన్నాను, ఆయన పాపా అన్నాడు. నేను బండి కిందనుంచి బయటికొచ్చేదాకా ఆయన కదలకుండా నిలబడే ఉన్నాడు.

"పాపా, ఆ ఫోన్లో గీతలూ రంగులూ నాకు తెల్దు. ఒక్క మాట సెప్పు. తీసుకోవచ్చా, నేదా?"

"ఇంజన్ బాగుంది, పట్టీలు బాగున్నాయి, కింద అంతా నీట్. అన్నీ గ్రీన్ బాబాయ్. కళ్లు మూసుకుని తీసుకోండి."

కళ్లు మూసుకున్నది నేను. ఆ నల్లటి మెరుపు చూసి, పూజే కదా అనుకుని, 'కాదు' నొక్కేశాను.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్న నాన్న డ్యూటీకి బయల్దేరుతూ నిలబడి టీ తాగుతున్నాడు. నా ఫోన్ మోగింది. బాబాయ్ ఫోటో పంపాడు. పికప్‌కి బంతిపూల దండ, పక్కన కొత్త చొక్కాలో ఆయన, కొత్త చీరలో పిన్ని. కింద వాయిస్ మెసేజ్: ఈరోజే మొదటి లోడు, గమ్హరియాలో ఎత్తి నది అవతల మాంగో పేటలో గ్రిల్లు షాపుకి దింపాలి, పిన్ని కూడా ముందు సీట్లో కూర్చుంటుంది, అంతా నీ చలవే పాపా. నేను నవ్వుతూ ఫోన్ నాన్నకి చూపించాను.

"దేఖో నాన్నా. నేను పాస్ చేసిన బండి."

నాన్న ముందు నవ్వాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఆ బ్యాటరీ కాడ పెద్దది సెయ్యి," అన్నాడు.

పెద్దది చేశాను. బండి పక్కన, బ్యాటరీని పట్టి ఉంచే ఇనుప క్లాంపు కనిపిస్తోంది.

"ఇది నా సేతి పనే. యాంగిల్ ముక్క ఎవుడైనా కోసి అలగే ఒగ్గేత్తాడు. నాను మూల గుండ్రంగా రుద్దుతాను, రేపు ఎవుడి సెయ్యీ గీరుకోకుండా."

"తో అచ్ఛా హై న. మన బండే అయింది."

నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "గుంటా, ఆ బండి సాసీ కూడా నానే అతికేను."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఎక్కడ అన్నాను.

"కేబిన్ ఎనక, ఎడం పక్క. పూజకి నాలుగు రోజుల ముందు ఆదివారం దాని పాత ఓనరు తెచ్చేడు. సగం దాకా సీలిపోయుంది."

"నేను కిందికి వెళ్లి చూశాను. అక్కడేం లేదు."

"కనబడకుండా రుద్దింది కూడా నానే కదే."

ఆ మాటలో భయం ఎంతుందో గొప్ప కూడా అంతే ఉంది. దాంతో నాకు ఒళ్లు మండిపోయింది. అతుకు గట్టిదేనా అని అరిచాను.

"నా అతుకు ఇరగదు. దాని పక్కనున్న ఇనుం ఇరుగుతాది. వేడికి దాని బలం సచ్చిపోద్ది. లోడుబాడీ దింపి, రెండు పక్కలా ప్లేట్లెయ్యాల, మూడు రోజులవుద్ది అని సెప్పేను. ఒద్దన్నాడు. పూజకి బేగి రుద్ది ఇచ్చీ అన్నాడు."

"లోడ్ ఎత్తొద్దని చెప్పలేదా?"

"సెప్పేను. ఎత్తను, అమ్మేత్తాను అన్నాడు."

బాబాయ్‌కి ఫోన్ చేశాను. బిజీ. మళ్లీ చేశాను. బిజీ. ఆయన స్టేటస్ తెరిస్తే విషయం తెలిసింది. శ్రీకాకుళం వైపున్న బంధువులందరికీ వరసగా వీడియో కాల్‌లో లోడెక్కుతున్న బండిని చూపిస్తున్నాడు. పిన్ని నంబరు నా దగ్గర లేదు. గమ్హరియాలో బండ్లని తూచే ధర్మకాంటా అతను నాకు తెలుసు, అతనికి చేశాను.

"దండవాలా పికప్? అభీ నికలా దీదీ," అన్నాడు, ఇప్పుడే బయల్దేరిందట. సరుకు బరువెంత అంటే చీటీ చూసి చెప్పాడు. రెండు టన్నులు దాటింది.

నేను స్కూటీ తాళం తీసేసరికి నాన్న అప్పటికే వెనక సీటెక్కి కూర్చున్నాడు, హెల్మెట్‌కి బదులు వెల్డింగ్ సంచి ఒళ్లో పెట్టుకుని.

మాంగోకి ఏ దారిన వచ్చినా చివరికి సువర్ణరేఖ మీద వంతెన ఎక్కాల్సిందే. వంతెన దగ్గర ఆపుదాం అన్నాను. దారిలోనే ఇరిగితే ఏటి సేత్తావు, ఎదురెళ్లు అన్నాడు నాన్న. ఎదురెళితే ఏ రోడ్డున వస్తున్నాడో ఎలా తెలుస్తుంది అన్నాను. అక్కడ మొదలైంది పోట్లాట, వంతెన దాకా ఆగలేదు.

"నువ్వు ఒక్క గీటు గీకుంటే తెలిసిపోను."

"నువ్వు అంత నున్నగా రుద్దకపోతే గీకక్కర్లేకుండానే తెలిసేది."

"నీకు జీతం ఇచ్చింది సూడ్డానికే కదేటి?"

"నీకు ఇచ్చింది అతకడానికి. దాచమని కాదు."

"దాసమని నాకెవుడూ సెప్పలేదు, సుబ్బరంగా సెయ్యమన్నాడు. ముందు ఆటో, బ్రేకెయ్యి."

సిగ్నల్ దగ్గర పక్క ఆటో అతను మా ఇద్దరినీ కాసేపు విని, "గ్రీన్ హో గయా దీదీ, ఝగడా బాద్ మే" అన్నాడు. అతన్ని కూడా ఏదో అన్నాను. ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో ఫోన్ పట్టుకోబోతే నాన్న వెనకనుంచి ఫోన్ లాగేసుకుని తనే నొక్కడం మొదలుపెట్టాడు. ఆయన రెండుసార్లు మా అమ్మకి, ఒకసారి గ్యాస్ ఏజెన్సీకి చేశాడు.

వంతెనకి కొంచెం ఇవతల, రోడ్డు వారగా, బంతిపూల దండ కనిపించింది. బండి నిలబడి ఉంది, ముక్కలవలేదు. నదిని మొదటిసారి దాటేముందు కొబ్బరికాయ కొట్టాలని పిన్ని పట్టుబట్టి ఆపించిందట. నన్ను చూడగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"ఓలమ్మా, సూడ్డానికి ఇంత దూరం వచ్చేవా తల్లీ. ఇంద, పెసాదం," అని నా చేతిలో కొబ్బరిముక్క పెట్టింది.

ఆ ముక్క చేతిలో ఉండగానే చెప్పాల్సి వచ్చింది. సగం చెప్పేసరికి నాన్న బండి కిందకి దూరిపోయాడు. "ఫోన్ లైటు పట్రా," అని లోపల్నుంచి పిలిచాడు. నేనూ దూరాను. స్కూటీ తాళంతో ఆయన చూపించిన చోట గీకాను. నల్ల రంగు చుట్ట చుట్టుకుని ఊడింది. దాని కింద అతుకు వెండిలా మెరుస్తోంది, చెక్కు చెదరలేదు. దానికి రెండు వేళ్ల దూరంలో వెంట్రుకంత గీత. రోడ్డు మీద బస్సు పోయినప్పుడు నేల అదిరింది, పైన ఇనుం కదిలింది, ఆ గీత తెరుచుకుని మూసుకుంది. నాన్న అందులో గోరు పెట్టి చూపించాడు. నేను ఫోటో తీశాను. నాలుగు రోజుల ముందు తీయాల్సిన ఫోటో.

బయటికొచ్చి బాబాయ్‌కి ఆ ఫోటో చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. "వంతెన మీదైతే?" అని నాన్నని అడిగాడు. పిన్ని బండి మెట్టు మీద కూర్చుండిపోయింది.

"కళ్లు మూసుకుని తీసుకోమన్నావు కద పాపా," అన్నాడు బాబాయ్.

ఆయన అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, నాకు తెలిసిన పద్ధతి అదే. ఆయన అరవలేదు. ఆ కోపమంతా మోసుకెళ్లి అమ్మినవాడి మీద పోశాను. ఫోన్‌లో రెండు నిమిషాలు ఊపిరి తీసుకోకుండా తిట్టాను. అతను అంతా విని, చాలా మర్యాదగా, "మేడమ్, ఆప్ కీ రిపోర్ట్ క్యా బోల్తీ హై?" అన్నాడు.

నా రిపోర్ట్ అన్నీ పచ్చ అంటోంది. కింద నా పేరుంది.

నాన్న నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "మై వెల్డర్ బోల్ రహా హూఁ," అన్నాడు. "పూజా కే పహలే వాలా. ఏం చెప్పి చేశానో, మీరేం చెప్పి తీసుకెళ్లారో, ఎక్కడికి రమ్మన్నా వచ్చి చెబుతాను" అని హిందీలోనే నెమ్మదిగా అన్నాడు. తన తప్పు కూడా చెబుతానన్నాడు. చివరికి ప్లేట్లు, షెడ్డు, క్రేన్ అన్నీ తానే చూసుకుంటానని అతను ఒప్పుకున్నాడు. పని నాన్న ఊరికే చేస్తాడు.

సరుకు రెండు ఆటో ట్రాలీల్లోకి మార్చేశాం. ఖాళీ బండిని నాన్నే నడుపుకుంటూ నడక వేగంతో గమ్హరియా తీసుకెళ్లాడు.

నేను అక్కడే రోడ్డు పక్కన కూర్చుని నా రిపోర్ట్ మళ్లీ తెరిచాను. మూసిన రిపోర్ట్ తెరవాలంటే యాప్ కారణం అడుగుతుంది. జాబితాలో అన్నిటికంటే కింద 'ఇన్‌స్పెక్టర్ తప్పు' అని ఉంటుంది. అది ఎవరూ నొక్కగా నేను చూడలేదు. నొక్కి, ఫోటో పెట్టి, పూజ తర్వాత మేం నలుగురం చేస్తున్న పని కూడా రాసేశాను. సాయంత్రానికి నా ఐడీ ఆగిపోయింది. మిగతా ముగ్గురూ వారం రోజులు నాతో మాట్లాడలేదు. మూడు వారాల తర్వాత ఐడీ తిరిగొచ్చింది.

ఐడీ ఆగిన మొదటి మూడు రోజులూ షెడ్డులోనే ఉన్నాను. లోడుబాడీ పైకి లేపి, నాన్న ముందు చీలిక కొసన చిన్న కన్నం వేశాడు, అది ఇంకా పాకకుండా. తర్వాత పాత అతుకంతా తవ్వి తీసేశాడు. తన పనిని తనే తవ్వుతున్నప్పుడు ఆయన ముఖం చూడలేక ఫోన్ చూసుకున్నాను. కొత్తగా అతికి, లోపలా బయటా పొడవాటి ప్లేట్లు పెట్టి బోల్టులు బిగించాడు. ప్లేటు కొసలు ఏటవాలుగా కోశాడు. అడ్డంగా కోస్తే బరువంతా ఆ గీత మీదే పడి మళ్లీ అక్కడే విరుగుతుందట. ఇది మీరు రాసుకోండి. అడ్డంగా కోసిన ప్లేటు కనిపిస్తే ఆ రిపేరు తెలియనివాడు చేశాడని అర్థం.

చివర్లో గ్రైండర్ అందించబోయాను. వద్దన్నాడు.

"రుద్దవా?"

"ఒద్దు. అతుకు కనబడాల. కనబడితేనే రేపు ఎవుడైనా వంగి సూత్తాడు."

నల్ల రంగు కూడా వేయనివ్వలేదు. తుప్పు పట్టకుండా ఎర్ర ప్రైమర్ ఒకటే పూశాడు. మరి పూజ పెయింట్ గీకితే జనం మీదికొస్తారు కదా, ఇన్‌స్పెక్టర్లు ఏం చెయ్యాలి అని అడిగాను. దానికి ఆయన చెప్పింది నేను ఉద్యోగం మానేదాకా పాటించాను. బ్యాగులో చిన్న నల్ల రంగు డబ్బా, ఒక కుంకుమ పొట్లం పెట్టుకునేదాన్ని. "అడిగి గీకు, సూడు, మళ్లీ రంగెయ్యి, బొట్టు పెట్టు. ఆ దేవుడూ మేస్త్రీయే, ఏమనుకోడు." ఆ తర్వాత ఒక్కరు కూడా నాతో గొడవపడలేదు. మీరూ పెట్టుకోండి, పెద్ద బరువేం కాదు.

నాలుగో రోజు పొద్దున్న బాబాయ్ షెడ్డుకొచ్చాడు. బండి పనైపోయింది, కావాలంటే ఇంకో ఇన్‌స్పెక్టర్‌తో రిపోర్ట్ చేయిస్తాను అన్నాను.

"రిపోర్ట్ ఒద్దు పాపా. అదే లోడు ఎత్తుతాను. నువ్వెక్కు."

నాన్న నావైపు చూసి, "నానూ ఎక్కుతాను," అన్నాడు. బాబాయ్ ఈసారి పిన్నిని ఇంట్లో వదిలేసి వచ్చాడు. అది గమనించినప్పుడే ఆయనకి ఎంత భయముందో తెలిసింది.

కాగితం మీదున్న టన్నున్నరే ఎత్తమని నాన్న పట్టుబట్టాడు. ఎత్తారు. ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. దారి పొడుగునా ఎవరూ మాట్లాడలేదు, మా ఇంట్లోవాళ్లకి అది రికార్డు. వంతెన ఎక్కాం. దాని మీద అతుకు అతుక్కీ చక్రాలు దబ్, దబ్ మని పడతాయి, రోజూ దాటేదాన్నే, అన్ని అతుకులున్నాయని ఎప్పుడూ గమనించలేదు. ఒళ్లో ఫోన్ మోగుతోంది, తియ్యలేదు. వీపు వెనక, క్యాబిన్ గోడ అవతల, ఇనుం చేసే ప్రతి చప్పుడూ నా వెన్నెముకలోనుంచే పోతోంది. మధ్యలో ఒక గుంత తగిలింది. నాన్న చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది, మాంగో వైపు దిగేదాకా వదల్లేదు.

దిగాక బాబాయ్ బండి పక్కకి ఆపి ఇంజన్ కట్టేశాడు. నాన్న కిందికి దూరడానికి చొక్కా చేతులు మడుస్తున్నాడు. బాబాయ్ ఆయన్ని ఆపాడు. నన్ను కూడా అడగలేదు. కొత్త చొక్కాతోనే రోడ్డు మీద వెల్లకిలా పడుకుని, తన ఫోన్ లైటు తనే వేసుకుని, మెల్లిగా లోపలికి జరిగాడు. బయటికి ఆయన చెప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి. నేనూ నాన్నా ఆ చెప్పులవైపు చూస్తూ నిలబడ్డాం. ట్రాఫిక్ మా చుట్టూ హారన్లు కొట్టుకుంటూ పోతోంది.

చాలాసేపటికి బయటికొచ్చి, వీపు దులుపుకుని, డ్రైవరు తలుపు తీశాడు.

"ఎక్కండి. ఇది దింపేసి రెండో లోడుకి పోవాల."